పాత సైకిలు ఇరుసుకు మర తీయాలంటే: డై ఎంచుకోవడం, నిటారుగా నడపడం

ముందుగా నేను చేసిన తెలివితక్కువ పని చెప్పేస్తాను. మా తాతగారి ర్యాలీ సైకిలు ముందు చక్రం ఇరుసు మీద మరలు తుప్పుతో ముద్దకట్టి ఉన్నాయి. వెర్నియర్ పెట్టి కొలిస్తే 7.9 మిల్లీమీటర్లు వచ్చింది. ఎనిమిదే అయి ఉంటుంది, అరిగి ఆ కాస్త తగ్గింది అనుకున్నాను. పనిముట్ల డబ్బాలో ఎం8 డై, అంటే 8 మిల్లీమీటర్ల కడ్డీ మీద మరలు కోసే పళ్ల బిళ్ల ఉంది. దాని పిచ్, అంటే ఒక మర నుంచి పక్క మరకు దూరం, 1 మిల్లీమీటరు. ఎక్కించి తిప్పాను. మొదటి మూడు నాలుగు చుట్లు సాఫీగా దిగింది. తర్వాత బిగిసింది. తుప్పు అడ్డం పడిందనుకుని రెండు చేతులా బలం పెట్టాను. డై దిగింది, కాని బయటికి తీసి చూస్తే మర మీద మర పడి, ఇరుసు చివర ఎలుక కొరికిన మొక్కజొన్న పొత్తులా ఉంది.

షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు అప్పట్లో మా వీధి చివర ఉండేవారు. ఇరుసు పట్టుకెళ్లి చూపించాను.

“ఏ డై పెట్టావు?”

“ఎనిమిదిది, బాబాయ్.”

“ఇది ఎనిమిది కాదురా. ఐదు పదహార్లు. అంగుళాల బండికి మిల్లీమీటరు డై పెడితే తినేయదూ మరి!”

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు. ఎనిమిదికీ దానికీ తేడా కంటికి ఆనదు. కాని పాత ఇంగ్లిష్ సైకిలు ఇరుసు మీద అంగుళానికి 26 మరలు ఉంటాయి, అంటే ఒక్కో మరకు 0.977 మిల్లీమీటరు. నేను పెట్టిన డైలో ఒక్కో మర సరిగ్గా 1 మిల్లీమీటరు. ఒక మరకు తేడా తలవెంట్రుక మందం కన్నా తక్కువే. పది మరలకు చూస్తే పాత ఇరుసు మీద 9.77, డైలో 10.00. అంటే పదో మర దగ్గరికి వచ్చేసరికి డై పళ్లు దాదాపు పావు మర పక్కకు జరిగిపోయి, పాత గాడిలో నడవడం మానేసి కొత్త గాడి తవ్వుకుంటాయి. అందుకే మొదటి నాలుగు చుట్లు హాయిగా దిగాయి, తర్వాత కొరికేశాయి. పాత వస్తువుల మరలతో పని పెట్టుకునేవాళ్లకు అసలు శత్రువు తుప్పు కాదు, ఈ ‘దాదాపుగా సరిపోయింది’.

విశాఖలో ఉప్పుగాలి పుణ్యమా అని ఇలాంటి ఇరుసులకు కరవు లేదు. మీ ఇంట్లోనూ మెట్ల కింద అలాంటి సైకిలు ఉంటే, డై కొనకముందే ఇది చదవండి.

మరను గుర్తుపట్టడం

ఇరుసును విప్పి కిరసనాయిల్‌లో ఒక రాత్రంతా నానబెట్టండి. పొద్దున వైరు బ్రష్‌తో మరల వెంబడి, అంటే గాడి తిరిగిన దిక్కుకే రుద్దండి. అడ్డంగా రుద్దితే మిగిలిన కొసలు కూడా పోతాయి. తుప్పు పొర ఉండగా తీసిన కొలతను నమ్మకండి. తుప్పు ఉబ్బితే లావు పెరుగుతుంది, రాలిపోతే తగ్గుతుంది.

తర్వాత బయటి వ్యాసం కొలవండి. అరిగిన కొన దగ్గర కాదు, నట్టు ఎప్పుడూ చేరని లోపలి భాగం దగ్గర. అక్కడ మరలు పుట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. ముందు ఇరుసుకు 7.9 పైన, వెనక ఇరుసుకు 9.5 చుట్టుపక్కల వస్తే అవి 5/16, 3/8 అంగుళాలు అయి ఉండే అవకాశం ఎక్కువ. వ్యాసం చూసి నిర్ణయానికి రాకూడదు. దాంతో తెలిసేది సగమే.

మిగతా సగం పిచ్. పిచ్ గేజ్ (ఒక్కో పిచ్‌కు ఒక్కో పళ్ల ఆకు ఉండే కొలత పరికరం) ఉంటే దాని ఆకును మరల మీద ఆనించి, రెండింటినీ కిటికీ వైపు ఎత్తి పట్టుకోండి. ఆకు పళ్ల మధ్య నుంచి వెలుగు ఎక్కడా కనిపించకూడదు. మొదట్లో సరిపోయి చివర్లో సన్నటి వెలుగు గీత కనిపిస్తే అది వేరే ఆకు. ఈ పని సాయంత్రం ట్యూబ్‌లైటు కింద చేయకండి. పగటి వెలుగులో తెలిసినంత స్పష్టంగా అక్కడ తెలియదు.

గేజ్ లేకపోయినా ఇబ్బంది లేదు. తెల్ల కాగితం మీద కార్బన్ కాగితం బోర్లా పరిచి, ఇరుసును దాని మీద అడ్డంగా గట్టిగా నొక్కి పట్టండి, దొర్లించకండి. మర కొసలు వరసగా గీతల్లా పడతాయి. మొదటి గీత నుంచి పదకొండో గీత వరకు కొలవండి. అది పది మరల దూరం. 9.77 వస్తే 26 మరల సైకిలు థ్రెడ్. సరిగ్గా 10 వస్తే మెట్రిక్. ఇరవై మరలు దొరికితే ఇంకా మేలు, తేడా అర మిల్లీమీటరు దగ్గరికి పెరుగుతుంది, మామూలు స్టీలు స్కేలుతో కూడా తెలుస్తుంది.

5/16 వ్యాసంలోనే ఎన్ని రకాల మరలు ఉన్నాయో చూడండి. విట్‌వర్త్ అయితే అంగుళానికి 18. బ్రిటిష్ ఫైన్ అయితే 22. అమెరికన్ ఫైన్ అయితే 24. సైకిలుది 26. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో తన మర కొలతలు ప్రతిపాదించేదాకా ఇంగ్లండులో ఏ కార్ఖానా మర దానిదే. ఆయన మర కోణం, అంటే గాడి రెండు వాలుల మధ్య కోణం, 55 డిగ్రీలు. సైకిళ్లవాళ్లు 1902లో తమకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నారు, వాళ్ల కోణం 60. కాబట్టి 55 డిగ్రీల ఆకు మీద సైకిలు మరను చూస్తే పిచ్ కుదిరినా లోతు కుదిరినట్టు ఉండదు.

ఇదే జాగ్రత్త సైకిలు దాటి కూడా అవసరం. ఇక్కడి పోర్టు తెరిచింది 1933లో, షిప్‌యార్డు పనులు మొదలైంది 1941లో. మన దేశంలో మెట్రిక్ కొలతలకు చట్టం వచ్చిందే 1956లో. అంతకు ముందు కాలపు వైస్ (పని వస్తువును దవడల మధ్య బిగించి పట్టేది), డ్రిల్లింగ్ మెషీను, కుట్టుమిషను ఏది మీ చేతికి వచ్చినా అందులో మెట్రిక్ ఉందని అనుకోకండి. పాత కొలత పరికరాల్లో, మీటర్లలో వచ్చే చిన్న బీఏ (బ్రిటిష్ అసోసియేషన్) మరలు ఇంకో తిరకాసు. 0 బీఏ వ్యాసం 6 మిల్లీమీటర్లు, పిచ్ 1 మిల్లీమీటరు, అచ్చంగా ఎం6 లాగే. కోణం మాత్రం 47.5 డిగ్రీలు. ఎం6 నట్టు దాని మీద తిరిగినట్టే తిరుగుతుంది, కాని కొసల దగ్గర తప్ప ఎక్కడా సరిగా ఆనదు.

డై కొనేటప్పుడు

కొట్లో ‘సైకిలు డై’ అని అడగకండి. రెండు అంకెలూ చెప్పండి: 5/16, 26. ఇచ్చిన డై ముఖం మీద ఆ రెండూ చెక్కి ఉండాలి. పక్కన బీఎస్‌సీ అని గాని సీఈఐ అని గాని (రెండూ ఇంగ్లిష్ సైకిలు మర పేర్లే) ఉంటే మీ దారి సరైనదే. పెద్ద పెట్టెలో నలభై ముక్కలతో వచ్చే సెట్టు జోలికి వెళ్లకండి. మెరుస్తూ ఉంటుంది, బహుమతిగా ఇవ్వడానికి బాగుంటుంది, అందులో మీకు కావలసిన ఒక్క డై మాత్రం ఉండదు.

డైలు రెండు రకాలు. ఆరు పలకలుగా నట్టులా కనిపించేది డై నట్. దాన్ని స్పానరుతో తిప్పవచ్చు. ఉన్న మరను శుభ్రం చేయడానికే అది, కొత్త మర తీయడానికి కాదు. రెండోది గుండ్రంగా, ఒకచోట చీలికతో ఉండేది. దాన్ని హ్యాండిల్‌లో బిగించి కాస్త వెడల్పు చేయవచ్చు, కాస్త బిగించవచ్చు. ఒకటే కొనగలిగితే గుండ్రటిదే కొనండి, రెండు పనులకూ వస్తుంది. శుభ్రం చేయడానికైతే కార్బన్ స్టీలు డై చాలు. కొత్త కడ్డీ మీద మర తీయాలంటే హైస్పీడ్ స్టీలుది తీసుకోండి.

నాకు చాలా ఆలస్యంగా తెలిసిన సంగతి ఒకటుంది. డై లోపలి కొలత ఎంత ముఖ్యమో బయటి వ్యాసం కూడా అంతే ముఖ్యం. అంగుళాల డై బయటి వ్యాసం 1 అంగుళం అయితే 25.4 మిల్లీమీటర్లు. మెట్రిక్ డై అయితే 25. మెట్రిక్ డైని అంగుళం హ్యాండిల్‌లో పెడితే 0.4 మిల్లీమీటరు ఖాళీ మిగులుతుంది. పక్క స్క్రూలు బిగించినప్పుడు డై ఒక పక్కకు ఒరుగుతుంది, ఒక్కోసారి చిన్నగా వాలుతుంది కూడా. మర వంకరగా వస్తోందని మీ చేతిని తిట్టుకుంటూ ఉంటారు, తప్పు హ్యాండిల్‌ది. కాబట్టి డై, హ్యాండిల్ ఒకే కొట్లో కొనండి. అక్కడే డైని అందులో పెట్టి, స్క్రూలు బిగించకుండా వేలితో కదిపి చూడండి. గలగలలాడితే వద్దనండి.

డైని హ్యాండిల్‌లో అమర్చడం

హ్యాండిల్ గుంతకు ఒకవైపు అంచు ఉంటుంది. డై వీపు ఆ అంచుకు ఆనాలి. అక్షరాలు చెక్కిన ముఖం బయటికి, కడ్డీ వైపుకు ఉండాలి. మామూలుగా అటువైపే పళ్లు వాలుగా తీసి ఉంటాయి, కడ్డీని అందుకునేది అవే. తిరగేసి పెడితే నొక్కినప్పుడల్లా డై గుంతలోంచి బయటికి తోసుకొస్తుంది. అప్పుడు దాన్ని ఆపేవి స్క్రూలు మాత్రమే. పెట్టే ముందు గుంతలో చిన్న రజను ముక్క కూడా లేకుండా తుడవండి. అంచు మీద ఇరుక్కున్న ఒక్క రజను చాలు డైని వాల్చేయడానికి.

మూడు స్క్రూలలో మధ్యది చీలికలోకి దిగి డైని విప్పుతుంది. పక్కవి రెండూ నొక్కి మూస్తాయి. మొదటి విడతకు డై కాస్త విప్పి ఉండాలి. మధ్య స్క్రూ బిగించి, పక్కవి ఊరికే తగిలేదాకా తిప్పి వదిలేయండి. తర్వాతి విడతలో డైని మూయాలనుకున్నప్పుడు ముందు మధ్యదాన్ని వదులు చేయడం మర్చిపోవద్దు. అది బిగించి ఉండగానే పక్కవాటిని బలంగా తిప్పితే డై పగులుతుంది. పక్క స్క్రూలు రెండింటినీ సమానంగా, పావు చుట్టు ఇటు, పావు చుట్టు అటు బిగించండి.

ఇరుసును వైస్‌లో పెట్టడం

వైస్ దవడలకు అల్యూమినియం రేకు గాని రాగి రేకు గాని మడిచి తొడగండి. ఇరుసు నిలువుగా, పని చేయాల్సిన కొన పైకి, సుమారు 25 మిల్లీమీటర్లు మాత్రమే బయటికి ఉండేలా పట్టించండి. ఎక్కువ బయటికి వస్తే ఊగుతుంది. మూలమట్టం తెచ్చి ఇరుసు పక్కన ఆనించి చూడండి. ఒకవైపే చూసి ఊరుకోకండి, తొంభై డిగ్రీలు తిరిగి రెండోవైపు కూడా చూడండి. ముందుకు వాలిందీ లేనిదీ మనకు వెంటనే తెలుస్తుంది, పక్కకు వాలింది మాత్రం దాక్కుంటుంది.

డై వేసే ముందు ఆకురాయితో ఇరుసును ఒకసారి తాకించండి. ఆకురాయి పట్టకుండా గాజు మీద జారినట్టు జారితే అది గట్టిపరిచిన ఉక్కు. దాని మీద డై పెట్టకండి, పళ్లు విరుగుతాయి. పట్టితే కొనను నలభై ఐదు డిగ్రీల వాలుగా చుట్టూ సమంగా అరగదీయండి. చివర వ్యాసం మర అడుగు దాకా తగ్గాలి. డై నిటారుగా మొదలవ్వాలంటే ఈ వాలు ఉండి తీరాలి. వాలు ఒకపక్క ఎక్కువ, ఇంకోపక్క తక్కువ అయితే డై ఎక్కువ తెగిన పక్కకు కూర్చుంటుంది.

కొత్త కడ్డీ మీద మర తీస్తున్నట్టయితే కడ్డీ వ్యాసం 7.94 కాకుండా 7.85 దగ్గర పెట్టుకోండి. కోసేటప్పుడు లోహం కొంచెం పైకి ఉబుకుతుంది, ఆ చోటు ముందే వదలాలి.

మొదటి రెండు చుట్లు

ఇక్కడ తొందరపడితే తర్వాత ఏం చేసినా లాభం లేదు. నూనె వేయండి. ఉక్కుకు కటింగ్ నూనె. అది చేతిలో లేకపోతే ఆముదం బాగానే పనిచేస్తుంది, తర్వాత జిగురు కడుక్కోవాలి అంతే. ఇత్తడికైతే ఏమీ వద్దు, పొడిగానే కోయండి. అల్యూమినియానికి కిరసనాయిల్.

డైని కొన మీద కూర్చోబెట్టి, హ్యాండిల్ చేతులను కాకుండా మధ్య భాగాన్ని రెండు అరచేతులతో పట్టుకోండి. చేతుల చివర పట్టుకుంటే ఎప్పుడూ కుడిచేయి కొంచెం ఎక్కువ నొక్కుతుంది, ఎడమచేతి వాటం వాళ్లకు ఎడమది. సమానంగా కిందికి నొక్కుతూ అర చుట్టు తిప్పండి. ఆగండి. కిందికి వంగి, కళ్లను హ్యాండిల్ ఎత్తుకు తెచ్చి, అది వైస్ పైభాగానికి సమాంతరంగా ఉందో లేదో చూడండి. వైస్ మీద మూలమట్టాన్ని నిలబెట్టి హ్యాండిల్ రెండు చేతుల కింద ఎత్తు కొలిస్తే ఇంకా నమ్మకం. తేడా ఉంటే ఇప్పుడే, మొదటి చుట్టులోనే, ఎత్తు ఎక్కువ ఉన్న వైపు కొంచెం నొక్కి సరిచేయవచ్చు. రెండు చుట్లు దాటాక నొక్కి సరిచేయాలని చూడకండి. అప్పటికి డై తన దారి తాను పట్టుకుంది, మీరు నొక్కితే మర ఒకవైపు లోతుగా, ఒకవైపు పైపైన పడుతుంది. వెనక్కి తీసి, కొన అరగదీసి, మళ్లీ మొదలుపెట్టడమే మేలు.

రెండు చుట్లు నిటారుగా పడ్డాక నొక్కడం ఆపేయండి. ఇక డై తనంతట తానే దిగుతుంది. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడు సన్నగా ‘టిక్’ అని తెలుస్తుంది, రజను విరిగిన గుర్తు అది. ఆ టిక్ అందకుండా ముందుకు వెళ్తూ ఉంటే రజను పళ్ల మధ్య చుట్టుకుని మరను చీరేస్తుంది. రజనును బ్రష్‌తో దులపండి, వేలితో వద్దు.

లేత్ సాయం

చేతితో నమ్మకం కుదరకపోతే, గాజువాక ఆటోనగర్‌లో లేత్ పని చేసే షెడ్డు ఏదైనా ఒక అరగంట అడగండి. ఇరుసును చక్‌లో, అంటే లేత్‌లో పట్టి తిప్పే దవడల్లో, పట్టించి, దానికి ఎదురుగా ముందుకూ వెనక్కూ జరిగే టెయిల్‌స్టాక్ చదునైన ముఖంతో డై హ్యాండిల్ వీపును ఆనించి నొక్కాలి. టెయిల్‌స్టాక్ ముఖం ఇరుసు గీతకు లంబంగా ఉంటుంది కాబట్టి డైకి వాలే అవకాశమే లేదు. మోటారు మాత్రం ఆన్ చేయనివ్వకండి. చక్‌ను చేత్తో తిప్పుతూ, టెయిల్‌స్టాక్ చక్రాన్ని దానితోపాటు ముందుకు నడపాలి. ‘మోటారు మీద రెండు నిమిషాల్లో అయిపోతుంది’ అంటారు. నిజమే, డై కూడా రెండు నిమిషాల్లో అయిపోతుంది.

ఇంట్లో స్టాండు మీద డ్రిల్లింగ్ మెషీను ఉన్నా ఇదే పద్ధతి నడుస్తుంది. ఇరుసును కింద వైస్‌లో నిలబెట్టి, డ్రిల్ చక్ దవడలు పూర్తిగా మూసి, ఆ ముఖంతో హ్యాండిల్ వీపును ఆనించి లీవరుతో కొంచెం నొక్కండి. మొదటి రెండు చుట్ల వరకే. ప్లగ్గు తీసేసి ఉండాలని చెప్పాల్సిన పని లేదు కదా.

కొన పాడై, లోపల మంచిగా ఉంటే

ఎక్కువగా దొరికే పరిస్థితి ఇదే. సుత్తి దెబ్బలు తిని కొన మరలు నలిగిపోయి ఉంటాయి, లోపలివి బాగుంటాయి. బయట నుంచి డై మొదలుపెడితే, నలిగిన చోట అది ఏ గాడిని పట్టుకుంటుందో చెప్పలేం. అలాంటప్పుడు ఆ ఫిట్టరు చూపించిన పద్ధతి నాకు బాగా పనికొచ్చింది. అదే మరకు సరిపోయే పాత నట్టును హాక్సాతో నిలువునా రెండు ముక్కలుగా కోయండి. కోసిన అంచులు ఆకురాయితో నున్నగా చేయండి. రెండు ముక్కలనూ లోపలి మంచి మరల మీద కూర్చోబెట్టి, సర్దుబాటు స్పానరుతో చుట్టూ పట్టుకుని బిగించండి. అక్కడి నుంచి బయటికి, కొన వైపుకు తిప్పుకుంటూ రండి. మంచి మరలే దారి చూపిస్తూ నలిగినవాటిని నిలబెడతాయి. నూనె వేసి రెండు మూడుసార్లు చేస్తే చాలు. కొనకు చేరాక డైతో పైనుంచి ఒక్కసారి నడిపితే మెరుగు వస్తుంది.

సరిపోయిందో లేదో

విప్పి ఉంచిన డైతో మొదటి విడత అయ్యాక అసలు నట్టు పెట్టి చూడండి. బిగుతుగా ఉండాలి, ఎక్కకపోయినా పరవాలేదు. పక్క స్క్రూలు కొంచెం మూసి రెండో విడత నడపండి. నట్టు వేళ్లతో చివరిదాకా తిరిగి, పక్కలకు లటలటలాడకుండా ఉంటే చాలు. అప్పుడు నట్టును చుట్టు చుట్టుగా తిప్పుతూ దాని ముఖాన్ని పక్క నుంచి గమనించండి. ముఖం ఊగుతూ తిరిగితే మర వంకరగా పడింది. అలాంటి నట్టు బిగించినా ఒక అంచు మీదే ఆనుతుంది, నాలుగు రోజులకు వదులవుతుంది.

మరల లోతులో మూడో వంతుకు పైగా పోయి ఉంటే, లేదా ఇరుసు కొంచెమైనా వంగి ఉంటే, డై సంగతి వదిలేసి ఇరుసు మార్చేయండి. తాతగారి ఇరుసే ఉండాలనే పట్టుదల నాకూ ఉండేది. బీచ్ రోడ్డు వాలులో ముందు చక్రం ఊడితే ఆ పట్టుదల ఎందుకూ పనికిరాదు. పాత ఇరుసును గోడకు తగిలించుకోండి.

ఇరుసు పని అయ్యాక అదే ఊపులో పెడల్ మరలు బాగుచేద్దామనుకుంటే ఒక్క మాట. అవి 9/16, అంగుళానికి 20, ఎడమ పెడల్ ఎడమ మర. కుడివైపు డైని ఎడమవైపు పెట్టి, నేను ఇరుసును నాశనం చేసినట్టు దాన్ని నాశనం చేయకండి.

చివరగా డై. వాడిన వెంటనే పళ్ల సందుల్లో రజను బ్రష్‌తో తీసి, కిరసనాయిల్‌తో కడిగి, నూనె పట్టించి, నూనె కాగితంలో చుట్టి రేకు డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు నా డబ్బా రెండు రోజులు నీళ్లలో ఉంది. ఎం8 డై, నా తాతగారి ఇరుసును కొరికేసిన అదే డై, ఏమీ కాకుండా బయటపడింది. 5/16 డై పళ్లు మాత్రం తుప్పు తిని గుంటలు పడ్డాయి, మళ్లీ కొనాల్సి వచ్చింది.